తెరుచుకోని పలక

పదేళ్లకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగింది, నీళ్లు దిగాయి. ఆ మాట మాత్రం ఇటు బయటికి రాలేదు, అటు కడుపులోకీ పోలేదు. ఇప్పుడు వచ్చేసింది. వచ్చాక ఎంత తేలిగ్గా ఉందో మీకు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. నా పేరు రాయను. యేసుదాసు పేరు మాత్రం మార్చలేదు. మచ్చ పడింది ఆ పేరు మీదే కదా.

నేను నేర్చుకున్నది యంత్రాల నక్షాలు గీసే పని. హైదరాబాదులో విమానాలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో కొన్నాళ్లు గీశాను. విమానంలో మనుషులు కూర్చునే గదికీ, సామాను అరకూ మధ్య ఒక గోడ ఉంటుంది. ఒక పక్క గాలి ఉన్నట్టుండి బయటికి పోతే, రెండో పక్క గాలి ఆ గోడనే పగలగొట్టుకుని పోతుంది. అందుకని గోడలో ఒక పలక పెడతారు. గోడ కంటే ముందు అది ఊడి, గాలికి దారి ఇవ్వాలి. అంతే దాని పని. ఆ పనికి నేను చూసిన పలకలకేమో స్ప్రింగులు, గొళ్లేలు, బందులు, పెద్ద తంతు. ఇంత ఎందుకని నాకు ఒకటే దురద. పల్చటి రేకు, చుట్టూ జిగురుతో అంటించిన గుడ్డ పట్టీ చాలదా? గాలి తోస్తే గుడ్డ చిరుగుతుంది, రేకు ఊడుతుంది. ఇంట్లో కూర్చుని అదే గీశాను, చెరిపాను, మళ్లీ గీశాను.

తరువాత వర్క్‌షాపులో మనుషులను తగ్గించారు. తగ్గినవాళ్లలో నేనొకణ్ణి. బోధన్‌కు తిరిగొచ్చి, చెరుకు పొలాల మధ్య ఉన్న చిన్న ఖండసారి చక్కెర మిల్లులో మెకానిక్‌గా చేరాను. ఆ మిల్లు ఇప్పుడు లేదు. అక్కడ చక్కెరను మెత్తగా పిండి పట్టి నాందేడు మిఠాయి దుకాణాలకు పంపేవారు. చక్కెర పిండి గాలిలో లేచి ఉన్నప్పుడు నిప్పురవ్వ పడితే గదికి గదే పేలుతుంది. నాకు కావలసిందీ అలాంటి గదే. పేలితే పలక ఊడి మంట బయటికి పోతుందని సేటును ఒప్పించి, ఆ గది బయటి గోడకు నా పలక పెట్టించాను. అరచేత్తో గట్టిగా నెడితే ఊడి వచ్చేది. సేటు మెచ్చుకున్నాడు. ఇక నా కాళ్లు నేల మీద ఆనలేదు. వచ్చి చూడమని పాత వర్క్‌షాపు ఇంజనీరుకు కబురు పంపాను. ఆయనకు నచ్చితే మళ్లీ విమానాల దగ్గరికి పోతాను, నా పలకే విమానంలోకి ఎక్కుతుంది. ఇదీ నా ఆశ.

ఆ గదిలో పిండి మిషను నడిపేవాడు యేసుదాసు. మా వీధివాడే, నాకంటే చిన్నవాడు. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. మిగతా రోజుల్లో ఆ వేళ్లు ఊరుకోక మిషను రేకు మీద తాళం వేస్తూ ఉండేవి. బీడీ ముట్టేవాడు కాదు. నా ఒంటి మీద బీడీ వాసన వస్తే నన్నే గదిలోకి రానిచ్చేవాడు కాదు.

మా మిల్లులో ఒక ఆనవాయితీ ఉండేది. సీజన్ మొదలైన రోజు మొదటి పాకం తీసి, పసుపు కుంకుమలతో పాటు ప్రతి మిషనుకూ బొట్టులాగా పెట్టేవారు. ఆ ఏడు నా పలకకూ పెట్టాలని నేనే పట్టుబట్టాను. అందరూ ఒక్క బొట్టు పెట్టి ఊరుకుంటే, నేను మురిపెంతో నాలుగు అంచులకూ పూశాను. వేడి పాకం గుడ్డ పట్టీలోకి ఇంకింది. తెల్లారి వెళ్లి అరచేత్తో నెట్టాను. కదల్లేదు. భుజం ఆనించి నెట్టాను. పాకం పటిక బెల్లంలా గట్టిపడి, రేకును గోడకు అతికించేసింది.

అప్పుడే చెప్పాల్సింది. పట్టీ అంతా తీసి మళ్లీ వేయాలంటే మిషను ఆపాలి, ఎందుకో సేటుకు చెప్పాలి. ఇంజనీరు ఆ వారంలోనే వస్తున్నాడు. ఆయన చూసి పోయాక చేద్దామనుకున్నాను. ఆయన వచ్చాడు, చూశాడు, భేష్ అన్నాడు, నక్షా పంపమన్నాడు. పోయాడు. అయినా నేను చేయలేదు. ఎందుకు చేయలేదు? భయమా? బద్ధకమా? నా పలకలో తప్పుందని నా నోటితో చెప్పుకోవడం ఇష్టం లేకనే అని ఇప్పుడు అనిపిస్తుంది. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అంటూనే రోజులు గడిపాను.

ఒక మధ్యాహ్నం గది పేలింది. పలక కదల్లేదు. యేసుదాసు పక్కనున్న తలుపు ఊడి, మంట అటు నుంచి ఎగదన్నింది. ప్రాణం దక్కింది కానీ కుడి చెయ్యి కాలింది. అందరూ అతన్ని బండిలో వేసుకుని నిజామాబాదు దవాఖానకు పరిగెత్తారు. నేను మిషను విప్పి చూశాను. లోపల నలిగిన మేకు దొరికింది. రవ్వ పుట్టింది దానివల్లే. ఆ మేకును జేబులో వేసుకుపోయి కాలువలో పారేశాను. నిప్పు ఎలా వచ్చిందని సేటు అడిగితే, బీడీ అయి ఉంటుందన్నాను. దోషి దొరికితే పలక సంగతి ఎవరూ అడగరని నాకు తెలుసు. ఎవరూ అడగలేదు కూడా.

అడిగింది ఒక్క యేసుదాసే. దవాఖానలో, చేతికి కట్టుతో పడుకుని అడిగాడు.

"అన్నా, నీ పలక ఎందుకు ఊడలే?"

"నాకేం ఎర్క తమ్మీ," అన్నాను.

"నేను బీడీ తాగిన్నంటున్నరట. తాగనని నీకెర్కే గదా. జర సేటుకు చెప్పు. నీ మాటైతే ఇంటడు."

"చెప్త," అన్నాను.

చెప్పలేదు. అతని నౌకరీ పోయింది. దొంగచాటుగా బీడీలు తాగేవాడని చర్చి పెద్దలు కూడా దూరం పెట్టారు. కాలిన వేళ్లు ముడుచుకుపోయి డోలక్‌కు పనికిరాలేదు. భార్య ఊరు మెండోరకు వెళ్లి పసుపు చేన్లలో కూలికి కుదిరాడు. ఇక నా నక్షా. అది నేను పంపనేలేదు. పంపడానికి కూర్చున్నప్పుడల్లా మళ్లీ మడిచి పక్కన పెట్టాను. చివరికి పొయ్యిలో పెట్టాను. దేనికోసం అతన్ని ముంచానో, దాన్నీ నిలుపుకోలేని మనిషిని. నన్ను ఏమనాలి?

మొన్న పసుపు తవ్వకాలప్పుడు మెండోర వెళ్లాను. యేసుదాసు కళ్లం దగ్గర ఉడికిన పసుపు ఆరబోస్తున్నాడు. కూర్చోమన్నాడు. పాకం, మేకు, బీడీ, ఏదీ దాచకుండా చెప్పాను. అతను ఎడమ చేత్తో కొమ్ములు పరుస్తూనే విన్నాడు. తిడతాడనుకున్నాను. ఏడుస్తాడేమో అనుకున్నాను.

"నేను తాగలేదని నాకెర్కే గదన్నా," అన్నాడు చివరికి. "నాకెందుకు చెప్తున్నవ్? చర్చోళ్లకు చెప్పు."

మళ్లీ పసుపు వైపు తిరిగాడు. బస్సు దాకా రాలేదు.

పోయిన ఆదివారం బోధన్‌లో అతని చర్చికి వెళ్లాను. పాటలు అయిపోయాక, పాస్టరు అయ్యగారిని అడిగి, నిలబడి చెప్పాను. ఆ రోజు యేసుదాసు బీడీ తాగలేదు. పలక తెరుచుకోదని నాకు ముందే తెలుసు. బీడీ అని చెప్పింది నేనే. మూడు ముక్కలు. దీనికా ఇన్నేళ్లు? క్షమించామని ఎవరూ అనలేదు. ముందు వరుసలో డోలక్ పెట్టుకుని కూర్చున్న కొత్త మనిషి తల వంచుకున్నాడు.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఆకలి తెలిసింది. ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని కడుపునిండా తిన్నాను. గొంతులో ఏమీ అడ్డం పడలేదు.