బుడే చెప్పిన అబద్ధం

బుడే పిడుగురాళ్లలో సున్నం బట్టీ కూలీ. కూతురు గుల్షన్ మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు భార్య ఇల్లు విడిచి వెళ్లి, చిలకలూరిపేటలో ఇంకొకరితో కాపురం పెట్టింది. నలుగురిలో తలెత్తుకోలేక బుడే పిల్లను చంకనేసుకుని సొంత ఊరు వదిలి పిడుగురాళ్ల వచ్చేశాడు. కొత్తచోట అందరితోనూ, చివరికి కూతురితోనూ, భార్య జ్వరంతో చనిపోయిందనే చెప్పాడు.

గుల్షన్‌కు పద్నాలుగేళ్లు రాగానే అతని అక్క జానీబీ సంబంధం తెచ్చింది.

"ఒరేయ్, తల్లి లేని పిల్ల. నువ్వు పొద్దున పోతే మాపటికి గానీ రావు. దాన్నెవరు కనిపెట్టుకుని ఉంటారు?"

బుడే ఆ మాట వీధిలోని అంగన్‌వాడీ టీచరుకు చెప్పుకున్నాడు. ఆమె అతన్ని, ఒంటరిగా పిల్లల్ని పెంచేవాళ్లకు సలహాలిచ్చే కేంద్రానికి పంపింది. అక్కడ కూర్చున్నవాళ్లంతా ఆడవాళ్లే. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అక్కడ పనిచేసే రెబ్కా లోపలికి పిలిచింది. ఈ వయసులో పెళ్లి చేస్తే నేరమని, ఆడపిల్లల గురుకులంలో సీటు కోసం తాను మాట్లాడతానని చెప్పింది.

"వాళ్లమ్మగారు ఎప్పుడు పోయారండీ?"

బుడే తల దించుకుని నిజం చెప్పేశాడు.

"పిల్లకి మీరే చెప్పండి బుడేగారూ. బయటివాళ్ల నోట వింటే ఇంకెప్పుడూ మిమ్మల్ని నమ్మదు."

ఆ సాయంత్రమే చెప్పాడు. గుల్షన్ అతని ఎదుటికి వచ్చి నిలబడింది.

"మరి ఏటేటా పోయినవాళ్లకి చదివించినట్టు అమ్మ పేరున ఫాతిహా చదివించావే? నేను ఏడుస్తుంటే చూస్తా కూర్చున్నావా నాన్నా?"

గురుకులంలో చేరింది గానీ, అతను వెళ్లిన ఆదివారాలు బయటికే రాలేదు.

"మీరు చెప్పమన్నారు, చెప్పాను. నా పిల్ల నాక్కాకుండా పోయిందమ్మా" అని బుడే రెబ్కా ముందు ఏడ్చాడు. ఆమె తానే వెళ్లి గుల్షన్‌తో మాట్లాడింది. పిల్ల ఒకటే మాట అంది: "అమ్మని చూడాలి."

బుడే చిలకలూరిపేట వెళ్లాడు. అతన్ని చూడగానే భార్య గబగబా రోడ్డు మీదికి వచ్చేసింది.

"ఇక్కడ నాకో పిల్లాడున్నాడు. గుల్షన్ సంగతి ఈయనకి తెలీదు. దాన్ని తీసుకురాబాకు."

తిరుగు బస్సులో అతనికి ఎన్నో అబద్ధాలు తోచాయి. ఆమె ఊరు మారిందనొచ్చు, కనపడలేదనొచ్చు. గురుకులం గేటు దగ్గర ఆయాతో, వాళ్లమ్మను చూసి వచ్చానని పిల్లకు చెప్పమన్నాడు. గుల్షన్ పరుగున వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

పిల్ల ఏడవలేదు. "తమ్ముడి పేరేంటి?" అంది.

"అడగలేదమ్మా."

ఆమె వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది. ఆపై ఆదివారం మాత్రం తనంతట తానే బయటికి వచ్చి, అతనికి కాస్త ఎడంగా కూర్చుంది.