స్కానుకు కనబడని నొప్పిని చూసిన దేవుడు

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామమున మీ అందరికీ వందనాలు! నేను వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి కోడలిని, పేరు సువార్త, నాకు నోరు ఎక్కువని మా సంఘమంతా ఎరుగును, కానీ ఇంత నోరున్న నేనే కొన్నేళ్లపాటు నా బాధ ఒక్కటి బయటికి చెప్పుకోలేక కుమిలిపోయాను! నెలసరి వచ్చిందంటే చాలు, పొత్తికడుపును ఎవరో చేత్తో పట్టి పిండుతున్నట్టు నొప్పి, నడుము నుంచి తొడల దాకా ఒకటే లాగుడు, మగ్గం దగ్గర కూర్చుంటే లేవలేను, లేస్తే నిలబడలేను. ఎవరితో అన్నా ఒకటే మాట, "ఆడోళ్లన్నాక ఉండేదే బిడ్డా, జర ఓర్సుకో." ఓర్చుకున్నాను, పంటి బిగువున ఓర్చుకున్నాను.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. శుక్రవారం స్త్రీల కూడికలో ఎవరికైనా నూనె రాసి ప్రార్థన చేస్తే, ఆదివారం ఆరాధనలో ఆ మేలును అందరిముందూ సాక్ష్యంగా చెప్పుకోవాలి. మా అత్తమ్మ ప్రార్థనాపరురాలు, ఆమె ప్రార్థన మొదలుపెడితే వీధి చివరి దాకా వినబడుతుంది, ఆమే నన్ను కూడికకు తీసుకెళ్లి తలకు నూనె రాయించింది. ఆదివారానికి నెలసరి ఆగింది, నొప్పీ ఆగింది, అది ప్రతి నెలా అలాగే ఆగేది! నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ లేచి "ప్రభువు నా కోడలిని ముట్టిండు, నొప్పిని పీకి పారేసిండు!" అని సాక్ష్యం చెప్పేసింది, సంఘమంతా చప్పట్లు కొట్టింది.

మరుసటి నెల నొప్పి మళ్లీ వచ్చింది. ఇప్పుడు నేనేం చేయాలి? వచ్చిందంటే అత్తమ్మ సాక్ష్యం అబద్ధమవుతుంది, రాలేదంటే నా ప్రాణం పోతోంది, అడకత్తెరలో పోకచెక్కనయ్యాను! కొంగు నోట్లో కుక్కుకుని నేస్తూ నేస్తూ ఒకరోజు మగ్గం దగ్గరే పడిపోతే, మా ఆయన భయపడి స్కానింగుకు తీసుకెళ్లాడు. స్కానులో ఏమీ కనబడలేదు. ఇంకేం, మా అత్తమ్మ ఆ ఆదివారం స్కాను ఫిల్ము చేతపట్టుకుని రెండోసారి సాక్ష్యం చెప్పింది! "డాక్టర్లే ఏం లేదన్నరు, దేవుడు తుడిచేసిండు!" అంది. మళ్లీ చప్పట్లు. నేను కూడా కొట్టాను సహోదరులారా, ఏడుస్తూ కొట్టాను.

ఆ రోజు ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఇలా ప్రార్థించాను: "తండ్రీ, స్కానుకు కనబడకపోతే పాయె, నీకు కనబడతాంది గదా! నేను నాటకాలాడుతలేనని నీకు ఎరుకే గదా! నా మాట నమ్మే మనిషిని ఒక్కరిని పంపు, అంతే చాలు నాయనా!"

నా దేవుడు విన్నాడు! మా ఆయన తీసుకెళ్లిన ఇంకొక దవాఖానలో ఒక డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మొదటినుంచి చివరిదాకా అడిగి అడిగి విన్నది. గర్భసంచి లోపలి పొర వంటిదే బయట ఎక్కడెక్కడో పెరిగే జబ్బు ఒకటుందనీ, దాని పేరు ఎండోమెట్రియోసిస్ అనీ, చాలాసార్లు అది స్కానుకు దొరకదనీ చెప్పింది. ఖాయంగా తెలియాలంటే పొట్టకు రంధ్రం చేసి కెమెరా పెట్టి చూడాలట! మత్తు ఇచ్చి పొట్ట ముట్టుకుంటే మళ్లీ మగ్గం ఎక్కగలనా అని అడిగాను. అప్పుడామె, కోత లేకుండా సన్నని గొట్టంతో గర్భసంచి లోపలి పొరలోంచి చిటికెడు కండ తీసి, అందులో ఈ జబ్బు గుర్తులు, బయోమార్కర్లు అంటారట, అవి ఉన్నాయేమో చూసే పరీక్ష ఒకటి పరిశోధనలో ఉందని చెప్పింది. "ఇది ఇంకా కొత్తది అమ్మా, దీనొక్కదాని మీదనే తేల్చలేం, అవసరమైతే కెమెరా పెట్టాల్సి రావచ్చు" అని దాచకుండా చెప్పింది. సరేనన్నాను. కాసేపు గట్టిగానే నొప్పి పుట్టింది, యేసయ్యా యేసయ్యా అనుకుంటూ పడుకున్నాను, అంతే, నడిచి ఇంటికి వచ్చాను!

ఫలితం వచ్చిన రోజు అత్తమ్మ నా వెంటే ఉంది. జబ్బు గుర్తులు కనబడ్డాయనీ, నేను చెప్పిన లక్షణాలతో అవి సరిపోతున్నాయనీ, ముందు మందులతో చూద్దామనీ డాక్టరమ్మ చెప్పింది. "మీ కోడలు నొప్పి అన్నప్పుడల్లా నిజంగానే నొప్పి ఉన్నదమ్మా" అంది. వరండాలోకి వచ్చాక అత్తమ్మ నా తల తన గుండెకు ఆనించుకుని, ఎప్పుడూ అరిచి ప్రార్థించే మనిషి నాకు మాత్రమే వినబడేలా ప్రార్థించింది: "నాయనా, పిల్ల పానం విలవిలలాడుతాంటే నేను సప్పట్లు కొట్టిచ్చిన. నా సెవులు మూసుకపోయినయి తండ్రీ, ముందు నన్ను బాగుజెయ్యి." ఇద్దరం అక్కడే బెంచీ మీద కూర్చుని తనివితీరా ఏడ్చాం.

మాత్రలు వాడుతున్నాను, నొప్పి చాలా తగ్గింది, నా మగ్గం నేనే నేస్తున్నాను, ఇప్పటివరకు కోత అవసరం రాలేదు. ఆ డాక్టరమ్మకు ఆ జ్ఞానం ఇచ్చినవాడు నా దేవుడే, ఆమె కాళ్ల దగ్గరికి నన్ను నడిపించినవాడూ ఆయనే! అమ్మలారా, అత్తమ్మలారా, ఇంట్లో ఆడపిల్ల నొప్పి అంటే ప్రార్థించండి, తప్పక ప్రార్థించండి, ఆమె చెప్పేది వినండి, దవాఖానకూ తీసుకెళ్లండి. కష్టంలో ఉన్న నా చెల్లీ, నిన్ను ఎవరూ నమ్మకపోయినా ప్రభువు నమ్ముతాడు, ఆయన దగ్గరికి రా!

ఈసారి సాక్ష్యం నన్నే చెప్పమంది అత్తమ్మ, ఉన్నది ఉన్నట్టు చెప్పమంది. అందుకే చెబుతున్నాను, ఈ నెల కూడా కొంచెం నొప్పి వచ్చింది. వచ్చిందని అత్తమ్మతో చెప్పాను, ఆమె లేచి కాపడానికి నీళ్లు కాచి ఇచ్చింది. దేవునికే మహిమ!