గట్టయ్య నడుముకు ఒకే కొక్కెం

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలోని ఆ ఆరంతస్తుల వాణిజ్య భవనంలో లోపలి మెట్లు ఆరో అంతస్తుతోనే ఆగిపోతాయి. అక్కడి నుంచి వెలుపలి గోడకు బిగించిన ఇరవై ఎనిమిది మెట్ల ఇనుప నిచ్చెన ఎక్కితేనే నీళ్ల ట్యాంకు. ఇరవై రెండేళ్లుగా దానిని ఎక్కుతున్నవాడు ఆ భవనంలో నీళ్ల పని చూసే గట్టయ్య ఒక్కడే. ఏ మెట్టు వదులైందో, దేనిమీద పాచి పట్టిందో కళ్లు మూసుకొని చెప్పగలడు.

గత వానాకాలంలో పద్దెనిమిదో మెట్టు మీద అతని కాలు జారింది. నడుముకు బెల్టు ఉంది. కాని దాని ఒకే ఒక్క కొక్కెం ఆ క్షణాన గాలిలో ఊగుతోంది. పై మెట్టుకు తగిలించాలంటే ముందు కింది మెట్టు నుంచి తీయాలి; తీసిన ప్రతిసారీ మనిషికి తన చేతులే దిక్కు. రెండు చేతులతో వేలాడి, ఎలాగో కాలూని, బతికి దిగాడు.

నాటి నుంచి అతనిది ఒకటే కోరిక. హిమాయత్‌నగర్‌లో ఒక కొత్త భవనం మీద చూశాడు: నిచ్చెన పొడవునా పైనుంచి కిందికి గట్టి తాడు, దానిమీద మనిషితోపాటే జరుగుతూ, జారితే మాత్రం బిగిసిపోయే పట్టు. దుకాణదారుల సంఘం కార్యదర్శి వామన్‌రావుకు నెలనెలా అదే విన్నవించాడు.

"బెల్టు కొనిచ్చినం. దసరాకు నిచ్చెనకు పసుపు కుంకుమ పెట్టించి గుమ్మడికాయ కొట్టించినం. ఇంకేం గావాలె నీకు?"

"నిచ్చెన సల్లగనే ఉన్నది సారూ. పడేది నేను గద!"

ఈ మంగళవారం ట్యాంకు వాల్వు బిగుసుకుపోయి, భవనమంతటా కుళాయిలు ఎండిపోయాయి. వామన్‌రావు రొప్పుతూ ఆరో అంతస్తుకు వచ్చాడు. తాడు లేనిదే ఎక్కనని గట్టయ్య నిచ్చెన పక్కనే నిలబడి ఉన్నాడు.

"గిట్ల మొండికేస్తే ఎట్లనయ్యా? బెల్టు ఉన్నది గద!"

"ఔ సారూ, ఉన్నది. జర మీరే కట్టుకోండ్రి. నాలుగు మెట్లే. కింద నేనుంటా."

వెంట వచ్చి చూస్తున్న దుకాణదారుల ముందు వెనక్కి తగ్గలేక వామన్‌రావు బెల్టు బిగించి, కొక్కెం తగిలించి, మూడు మెట్లు ఎక్కాడు.

"మంచిగుంది. ఇగ కొక్కెం తీసి పైమెట్టుకు ఏయుండ్రి."

వామన్‌రావు చేయి కొక్కెం దాకా వెళ్లి ఆగింది. ఓరగా కిందికి చూశాడు. రోడ్డు మీది ఆటోలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. దిగి, అరచేతులు రుమాలుతో తుడుచుకున్నాడు.

"సరే, వచ్చే మీటింగుల పెడత."

"ఏడు మీటింగులైనయి సారూ."

వామన్‌రావు ముఖం ఎర్రబడింది. "అయితే కాచిగూడ నుంచి ప్లంబరు భూపాల్‌ను పిలుస్త. ఆడు బెల్టు గూడ అడగడు."

ఆ మాటతో గట్టయ్య ఓర్పు తెగింది. నిచ్చెన ముందున్న జాలీ తలుపు ధడాలున మూసి, తాళం వేసి, తాళంచెవి బనీను జేబులో వేసుకున్నాడు.

"భూపాల్‌కు ఇద్దరు బిడ్డలున్నరు. తాడు తెచ్చిననాడు తాళం తీస్త."

కింది అంతస్తులో ఖాళీ బకెట్ల చప్పుడు వినిపిస్తోంది. వామన్‌రావు తాళం వైపు చూసి, "హిమాయత్‌నగర్ల గా తాడు బిగించినోళ్లు ఎవరంటివి?" అని అడిగాడు.

ఆ పేరును గట్టయ్య ఇదివరకే ఏడుసార్లు చెప్పాడు. పళ్లు బిగబట్టి ఎనిమిదోసారీ చెప్పాడు; ఈసారి మాత్రం కాగితం తీసి రాసుకొమ్మన్నాడు.