సేఠానీ బొచ్చు ఎందుకు ఊడింది

మా పిల్లి పొట్ట మీద బొచ్చు ఊడిపోతోందని ముందు కనిపెట్టింది కళ్లు కనపడని మా అవ్వ. మగ్గాల పని కోసం వలస వచ్చిన బమ్రోలిలో మాది ఒక్కటే గది. మంచం మీద అవ్వ, అవ్వ ఒళ్లో పిల్లి, కింద చీరలు పరుచుకుని గమ్ముతో మెరుపు రాళ్లు అంటించుకుంటూ నేను.

"ఏందే, దీని పొట్ట మీద బొచ్చు లేదేంది? నున్నగ తల్గుతాంది" అంది, పిల్లి కడుపు తడుముతూ.

ఆ పిల్లి నాది కాదు, తమ్ముడిది. మగ్గాల షెడ్డులో దొరికితే చొక్కాలో వేసుకొచ్చాడు. పని చేయదు, అందరికంటే ముందు తింటుంది, అందుకని షెడ్డు యజమాని భార్య లెక్కన దాన్ని సేఠానీ అని పిలిచేవాడు. నాకు అదంటే ఒళ్లు మంట. గమ్ము ఆరని చీర ఎక్కడుంటే అక్కడే వచ్చి కూర్చునేది. వస్తుంటే తెలియాలని దాని మెడకు గజ్జె కట్టాను. తిడితే తమ్ముడికి కోపం వచ్చేది.

తమ్ముడు లేడు. వానాకాలంలో డెంగీ వచ్చి పోయాడు. అప్పుడు అవ్వ గుండెనొప్పితో ఆసుపత్రిలో ఉంది. ప్రాణం పోయాక వాడిని ఇంటికి తెచ్చి ఈ గదిలోనే పడుకోబెట్టాం. ఎవరెంత తరిమినా పిల్లి వాడి కాళ్ల దగ్గర నుంచి కదల్లేదు. అవ్వకు చెడ్డ కబురు ఏదీ చెప్పొద్దని డాక్టరు గట్టిగా అన్నాడు. అమ్మ పోయాక మమ్మల్నిద్దరినీ పెంచింది అవ్వే. ఈ మాట ఆమెకు చెప్పే ధైర్యం మాకూ లేదు.

"భీవండి పోయిండని చెప్తం. అక్కడ మగ్గాల మీద పని దొరికిందని" అన్నాడు నాయిన. అంతకుముందు కూడా ఒకసారి వాడు అక్కడికి పోయి కొన్ని నెలలు పనిచేసి వచ్చాడు కాబట్టి మాట అతికినట్టే ఉంది. మేం బతిమాలితే గల్లీ అంతా మాతో పాటు అబద్ధమాడింది. వాడి ఫోటోకు ఫ్రేము కట్టించి, దండ వేయకుండా చీరలో చుట్టి మంచం కింద పెట్టాం. ఆ మంచం మీదే అవ్వ పడుకునేది. ఇంట్లో ఏడవడానికి లేదు. దుఃఖం ఆగనప్పుడు కిందికి దిగి మగ్గాల షెడ్డు గోడకు ఆనుకుని ఏడ్చేదాన్ని. ఆ మగ్గాల చప్పుడులో నా ఏడుపు నాకే వినపడేది కాదు.

ఇలాంటప్పుడు ఈ పిల్లి బొచ్చు గోల ఒకటి. పేలు పట్టాయేమో అనుకుని దువ్వాను, ఒక్కటీ రాలేదు. నా గమ్ము అంటుకుని ఊడిందేమో అని భయపడి చీరలన్నీ ఎత్తి పెట్టాను. అది రోజంతా ఓ మూలకు కూర్చుని పొట్ట నాక్కుంటూనే ఉంది. తొడల లోపలి వైపు కూడా చర్మం బయటపడింది. అప్పుడు నాకు నిజంగా దిగులు పుట్టింది. వాడి చేతి కింద పెరిగిన ప్రాణం ఇంట్లో అదొక్కటే మిగిలింది. అది కూడా పోతే నేను తట్టుకోలేను.

దారం బాబిన్లు వచ్చే అట్టపెట్టెలో దాన్ని పెట్టుకుని నేనూ నాయినా ఆల్థాన్‌లో పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నీలం లైటు వేసి చూసి తామర కాదన్నాడు. పురుగులూ లేవన్నాడు. తిండి మార్చారా అని అడిగాడు, లేదన్నాం. గమ్ము సంగతి చెబితే నవ్వి, అది కాదన్నాడు. చివరికి హిందీలో, "ఇంట్లోంచి ఎవరైనా వెళ్లిపోయారా?" అని అడిగాడు.

"లేదు సాబ్, అందరం ఉన్నాం" అన్నాడు నాయిన వెంటనే. అబద్ధం ఆయన నాలుకకు అంతగా అలవాటైపోయింది. తర్వాత పెట్టె మీద చెయ్యి పెట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. చర్మంలో జబ్బేమీ కనపడటం లేదని, మనసు బాగాలేకపోతే కొన్ని పిల్లులు ఇలా బొచ్చు ఊడేదాకా నాక్కుంటాయని డాక్టరు చెప్పాడు.

ఇంటికొచ్చి అవ్వకు, "తిండి పడ్తలేదట" అని చెప్పాను. అంతకుముందు పేలన్నాను, గమ్మన్నాను. ఆమె అన్నిటికీ ఊఁ కొట్టింది.

మర్నాడు నాయిన డ్యూటీకి పోయాక నన్ను దగ్గరికి పిలిచింది. పిల్లి ఆమె ఒళ్లోనే ఉంది.

"బిడ్డా, వాడు మొదటిసారి భీవండి పోయినప్పుడు ఇది ఏం జేసిందో యాదికున్నదా? పొద్దుమీకి డ్యూటీ ఇడిసే యాళ్లకు గుమ్మం కాడికి పోయి కూసునేది. దాని మెడకు నువ్వు కట్టిన గజ్జె సప్పుడు ఇని, వాని కోసం సూస్తాందని నేను నవ్వేదాన్ని. గప్పుడు దీనికి ఒక్క ఎంటిక ఊడలే."

నేను పిల్లి మెడలో గజ్జె కేసి చూశాను.

"ఇప్పుడు గజ్జె సప్పుడు గుమ్మం దిక్కు పోతనే లేదు. ఇది వాని కోసం ఎదురుసూస్తలేదు." అవ్వ నా చెయ్యి వెతికి పట్టుకుంది. "నాకు కండ్లు లేవు. దీనికున్నయి గదా, సూసే ఉంటది. నేను దవాఖానల ఉన్నప్పుడేనా వాడు పోయింది?"

నేను ఆమె మోకాళ్ల మీద తల పెట్టి, ఇంట్లో మొదటిసారి, గొంతెత్తి ఏడ్చాను. అవ్వ ఒక చెయ్యి నా తల మీద, ఒక చెయ్యి పిల్లి మీద పెట్టుకుని తనూ ఏడ్చింది. ఆమెకు ఏమైనా అవుతుందేమోనని ఏడుస్తూనే భయపడ్డాను. చాలాసేపటికి కొంగుతో నా ముఖం తుడిచింది.

"నాకు తెల్సిందని మీ నాయినకు చెప్పకు. వాడు నా ముంగట ధైర్యంగ ఉండాలనే లేసి పనికి పోతుండు. అది గూడ లేకుంటే పండుకుంటడు" అంది.

సాయంత్రం నాయిన వచ్చి, కాళ్లు కడుక్కుని, రోజూ చెప్పినట్టే చెప్పాడు.

"అమ్మా, పిలగాడు ఫోన్ చేసిండు. మంచిగున్నడట."

అవ్వ పిల్లి పొట్ట మీద బోసి చర్మాన్ని మెల్లగా నిమురుతూ అడిగింది.

"అన్నం తిన్నడా బిడ్డా?"

"తిన్నడమ్మా" అన్నాడు నాయిన.

నేను ఇద్దరికీ అన్నం పెట్టాను.