కోటు తొడుక్కునేదాకా

ఇంగ్లండ్‌లోని మా స్విండన్‌లో వాన పడితే మా గుమ్మమంతా తడి కోట్ల వాసన. ఈ ఉదయం మా అమ్మాయి మైత్రి కొత్త కోటు జిప్పు సగంలో ఇరుక్కుంది. స్కూలుకి టైమైపోతోంది. నా చేతులు రెండూ వాటంతటవే వెనక్కి వెళ్లాయి. ఈ అలవాటు నాకు పక్క ఫ్లాట్ రమణమ్మ ఆంటీ చేశారు.

ఆంటీది కడప. కూతురి దగ్గర ఉండడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగమే పనిచేసేది. నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె స్వెటర్ గుండీలతో కుస్తీ పడుతున్నారు. చూడలేక నేను లేచాను. "కూర్చో పాపా. నువ్వు పెట్టినావంటే ఈ చెయ్యి ఇంక నేర్చుకోదు," అన్నారు. నాకు ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది గానీ చివరి గుండీ కూడా ఆమే పెట్టుకున్నారు. పెద్దావిడకి ఇంత మొండితనమేమిటా అనుకున్నాను.

అప్పుడు మైత్రికి మూడేళ్లు. కథ చెబుతూ నోట్లో ముద్ద పెడితేనే తినేది. బూట్లు, కోటు అన్నీ నేనే తొడిగేదాన్ని. బయటివాళ్ల ముందు నోరు విప్పేది కాదు. దాన్ని ఏ నర్సరీలో వేయాలన్నది ఇంట్లో పెద్ద చర్చ. మా తెలుగువాళ్ల పిల్లలందరూ వెళ్లే ప్రైవేట్ నర్సరీలో అప్పుడే అక్షరాలు దిద్దిస్తారు. రెండోది కౌన్సిల్ నడిపే మాంటిస్సోరి నర్సరీ. అక్కడ పిల్లలు నీళ్లు వాళ్లే పోసుకుంటారు, అరటిపండు వాళ్లే కోసుకుంటారు. అరటిపండు కోయడానికి కూడా నర్సరీ ఎందుకని మా ఆయన నవ్వాడు. పిల్ల అక్కడ పస్తులుంటుందని స్నేహితురాళ్లు భయపెట్టారు. నిజానికి నా భయమూ అదే. ప్రైవేట్ నర్సరీ వాళ్లు సాయంత్రంలోగా జవాబు చెప్పమన్న రోజునే మాంటిస్సోరి చూడడానికి వెళ్లాను. మా ఆయనకి ఆఫీసు, తోడుగా ఆంటీ చేతికర్రతో బయలుదేరారు.

మేం వెళ్లేసరికి పిల్లలు తోటలోకి బయలుదేరుతున్నారు. కోటును టోపీ తమ కాళ్లవైపు ఉండేలా నేలమీద తలకిందులుగా పరుస్తారు, చేతులు దూరుస్తారు, తలమీదుగా వెనక్కి విసురుతారు. అంతే, కోటు ఒంటిమీద ఉంటుంది. మైత్రి కాసేపు చూసి, నా చేతిలోంచి తన కోటు లాక్కుని నేలమీద పరిచింది. తిన్నగా పరిచింది కాబట్టి టోపీ వెళ్లి పిక్కల దగ్గర వేలాడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అది ఏడుపు మొహంతో నావైపు చూసింది. కోటు సరిచేయడానికి వంగబోయాను. ఆంటీ కర్ర వదిలేసి ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు.

"వంగొద్దు. చేతులు యెనక్కి పెట్టుకోని నిలబడు. బిడ్డ చేసుకుంటాంది గదా."

టీచర్ కూడా కదలలేదు. మైత్రి కోటు విప్పి, తిప్పి పరిచి మళ్లీ విసిరింది. ఈసారి టోపీ మెడ వెనక పడింది. అది నావైపు చూడనైనా చూడకుండా తోటలోకి పరుగెత్తింది. నాకు ఏడుపు ఆగలేదు. కార్ పార్కింగ్‌లోంచే ప్రైవేట్ నర్సరీకి ఫోన్ చేసి వద్దన్నాను. మా ఆయన అలిగాడు. అలగనీ అనుకున్నాను.

మాంటిస్సోరిలో చేరిన మొదటి వారం లంచ్ బాక్స్ ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చింది. సాయంత్రం నేను అన్నం కలిపి ముద్ద ఎత్తితే ఆంటీ ఒప్పుకునేవారు కాదు. మైత్రిని పక్కన కూర్చోబెట్టుకుని తన కుడిచేత్తోనే తినేవారు. ఇద్దరూ కలిసి నా కార్పెట్ నిండా సాంబారు ఒలకబోశారు. శుభ్రం చేసే ఓపిక లేని రోజున కూడా నేను ముద్ద పెట్టలేదు. తర్వాత ఒకరోజు బాక్స్ ఖాళీగా వచ్చింది. మూత తీసి ఆంటీకి చూపిస్తే, అదేం గొప్ప అన్నట్టు తల పక్కకి తిప్పుకున్నారు, కానీ నవ్వు దాచుకోలేకపోయారు.

పోయిన చలికాలం ఆంటీకి పక్షవాతం మళ్లీ వచ్చింది. చూడడానికి వెళ్లేసరికి ఆస్పత్రి మంచం మీద కూర్చుని స్వెటర్ తొడుక్కోవడానికి అవస్థ పడుతున్నారు. నేను గబగబా ముందుకు వెళ్లాను. మైత్రి నా చెయ్యి పట్టి ఆపింది.

"వెయిట్, అమ్మా. షీ ఈజ్ డూయింగ్ ఇట్."

అది చేతులు వెనక్కి కట్టుకుని మంచం పక్కన నిలబడింది. దాని పక్కన నేనూ నిలబడ్డాను. చాలాసేపటికి ఒక్క చెయ్యి మాత్రం స్వెటర్‌లోకి వెళ్లింది. ఆంటీ అలసిపోయి ఆగి, రెండో చెయ్యి మైత్రి వైపు చాపారు. మైత్రి అప్పుడు మాత్రమే ముందుకు వెళ్లి తొడిగింది.

ఆంటీ ఇప్పుడు లేరు. ఈ ఉదయం జిప్పు దగ్గర మైత్రి విసుక్కుంది, రెండుసార్లు కాలు నేలకేసి కొట్టింది. నేను గుమ్మంలో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. నా మణికట్టు మీద ఆంటీ పట్టు ఇంకా ఉన్నట్టే ఉంది. పిల్ల అడిగేదాకా నేను కదలను.