అమ్మ ఇచ్చిన బయానా

దయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. పూనకం వచ్చిన మనిషిని కూడా "ఏం వేషాలు?" అని మొహం మీదే అడిగేదాన్ని. ఇప్పటికీ నా నోరు అంతే. అయినా ఈ ఒక్క సంగతి మాత్రం చూసింది చూసినట్టు చెబుతాను.

నిజాం సర్కారు ఆఖరి రోజులు. మా అమ్మకు దవడ లోపల రాచపుండు లేచింది, ఇప్పుడు క్యాన్సర్ అంటున్నారే, అది. నకిరేకల్ దగ్గర మా ఊళ్లో ఉన్న ఇల్లు దొరకు అమ్మేసి, ఆమెను హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. వాళ్లు చూసి, ఇంక చేసేదేమీ లేదు, తీసుకుపొమ్మన్నారు. ఇల్లూ పోయింది, రోగమూ పోలేదు. నల్లగొండలో ఒక గది కిరాయికి తీసుకుని, గోదాములో ఆముదాలు ఒలిచే పనికి కుదిరాను. నాకప్పటికి ఇరవై రెండేళ్లు. మొగుడు పోయాడు, నా అన్నవాళ్లు అమ్మ తప్ప ఎవరూ లేరు.

కొన్నాళ్లకు అమ్మ మంచం దిగడం మానేసింది. పుండు నాలుకకు పాకి మాట కూడా పడిపోయింది. గంజిలో గుడ్డ ముంచి నోట్లో పిండేదాన్ని. అప్పుడు ఇంటామె గడప అవతల నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చెప్పింది.

"చూడు పిల్లా, చెడ్డ నక్షత్రంల పానం పోయిందనుకో, గా గదికి ఆరు నెల్లు తాళం ఎయ్యాలె. నాకేడయితది? ఐతారం దాంక చూస్త. అటెన్క మంచం బజార్ల పెడ్త."

కోపం వచ్చింది గానీ ఏమనగలను? ఆ ఆచారం మాకూ ఉంది. మా నాయిన పోయినప్పుడు మేమూ అలాగే తాళం వేసి నెలల తరబడి పక్కింటి చూరు కింద ఉన్నాం. ఎక్కడ గది అడిగినా "ఎవరెవరు ఉంటరు?" అనే మొదటి మాట. అమ్మ సంగతి చెబితే తలుపు మూసేవాళ్లు. చెప్పకుండా దాస్తే వాసన దాగదు. నిజం చెప్పొద్దూ, ఆ గదిలో ఇద్దరం ఒకేసారి పోతే పీడా పోతుంది అనుకున్న రోజులున్నాయి.

గోదాముకు పోయే దారిలో క్రైస్తవుల వాడ ఉండేది. మూడుసార్లు ఆ సందు మొదట్లో ఆగాను. మూడుసార్లూ మళ్లిపోయాను. వాళ్ల ఇంట్లో మేం మంచినీళ్లు కూడా ముట్టం, ఇక అక్కడ ఇల్లు అడగడమా?

ఆదివారం గడువు రేపనగా, శనివారం పొద్దున అమ్మ కట్టు మార్చి దిండు సర్దాను. దిండు కింద ఆమె ఇత్తడి సున్నపు డబ్బీ ఉంది. ఆకూ వక్కా తినే రోజులు పోయినా దాన్ని మాత్రం వదల్లేదు. మూతకు ఒక పక్క సొట్ట, చిన్నప్పుడు నేను రాయితో కొట్టింది. నేను లేనప్పుడు ఇంటామె మంచం బయట పెట్టిస్తుందని భయపడి, గదికి తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకుని పనికి పోయాను. ఆ గదికి కిటికీ కూడా లేదు.

మధ్యాహ్నం పరుగున వచ్చాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. అరుగు మీద ఎవరో తెల్లచీర ఆమె కూర్చుని ఉంది.

"లచ్చమ్మ బిడ్డవు నువ్వేనా? నా పేరు సుందరమ్మ, క్రైస్తవుల వాడల ఉంట. పొద్దుగాల మీ అమ్మ వచ్చి మా ఎనుక అర్ర కిరాయికి మాట్లాడిపోయింది. ఊడ్సి పెట్టిన. పోదాం పా."

నాకు ఒళ్లు మండింది. "ఎవల్ని జూసి ఎవలనుకున్నవో! మా అమ్మ మంచం దిగి నెలాయె" అన్నాను.

"నీలంగుడ్డతోని దవడ కట్టుకున్నది బిడ్డా. మాట సాఫుగనే ఉన్నది. గిది బయానా అని నా చేతిల పెట్టింది."

పిడికిలి విప్పింది. ఇత్తడి డబ్బీ. మూతకు సొట్ట.

తాళం తీశాను. లోపల అమ్మ నేను పడుకోబెట్టిన వైపే పడుకుని ఉంది. పొద్దున నేను కట్టిన నీలంగుడ్డ అలాగే ఉంది. దిండెత్తి చూశాను. డబ్బీ లేదు.

ఆ సాయంత్రమే సుందరమ్మ వాడలోని ఇద్దరు మగవాళ్లను పిలిచి అమ్మను మంచంతో సహా మోయించింది. పానం పోతే తాళం వేయరా అని నేనే అడిగాను. "ఎందుకేస్తం? కడుక్కోని మల్ల ఉంటం" అంది. ఆమె కుండలో నీళ్లు తాగాను. అమ్మ తొమ్మిది రోజులు బతికి, కప్పు కింద, నా ఒళ్లో తల పెట్టుకుని పోయింది.

తాళంచెవి ఇంకోటి ఉందేమో, ఎవరైనా డబ్బీ దొంగిలించారేమో అని అన్నీ ఆలోచించాను. చాలా రోజులకు, ఆ పొద్దున అమ్మ ఇంకేమైనా అందా అని సుందరమ్మను అడిగాను.

"'నా బిడ్డ మీ సందు కాడ మూడుసార్లు ఆగి మర్లిపోయింది. సిగ్గుపడి రాదు. నువ్వే పోయి తోల్కరా' అన్నది."

అమ్మ మాట విని చాలాసేపు ఏడ్చాను. నేను ఆ సందు దగ్గర ఆగిన సంగతి అమ్మకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆమెకెలా తెలిసిందో నాకు ఈ రోజుకీ తెలియదు.