బొట్టు పెట్టిన తూటాలు

అడిలైడ్‌కి ఎగువన ఎడారిలో, మర్రీ అనే ఊరికి ఉత్తరాన నలభై కిలోమీటర్ల దూరంలో మా మొదటి క్యాంపు. జూలై నెల, ఇక్కడ చలికాలం. ఉదయం ఆరూ నలభైకి దిగాం. మైనస్ ఒక డిగ్రీ. నేలంతా ఎర్ర రాళ్లు, అక్కడక్కడా ముళ్ల పొదలు. ఏడు ఆడ ఒంటెలు, ఒక సపోర్టు వాహనం, నలుగురు మనుషులం: నాయకుడు, ఒంటెలావిడ, కెమెరా కుర్రవాడు, నేను. నా నడుముకి నూట పదేళ్ల నాటి రివాల్వర్.

మన సైన్యంలో పదిహేడేళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఇప్పుడు సిడ్నీలో, పెండిల్ హిల్‌లో ఉంటూ సెక్యూరిటీ ఉద్యోగం చేస్తున్నాను. మీరు పిక్నిక్ అనుకున్నా సరే, నేను దీన్ని డ్యూటీ అనే అంటాను. డ్యూటీ కాబట్టే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

యాత్ర నాయకుడు ఉండేది గంగాలిన్ అనే చోట. ఐటీ కాంట్రాక్టరు, మన విజయవాడ మనిషే. పాతకాలం ఒంటెల బిడారులు నడిచిన దారిలో, ఆనాటి బట్టలతో, ఆనాటి ఆయుధంతో నడిచి వీడియో తీయాలని ఆయన సరదా. అడవి మగ ఒంటెలు ఎదకొచ్చే కాలం, ఆడవాటి కోసం మీదపడతాయి, మంచి రైఫిల్ కావాలని మూడుసార్లు అడిగాను.

"ఆ పాత ఫోటోలో ఉన్నది రివాల్వరే అన్నా. బెల్టుకి వేలాడితే ఆ లుక్కే వేరు. అథెంటిక్‌గా ఉండాలి కదా."

సపోర్టు వాహనం మాత్రం ఈ ఏటిదే. అది కెమెరాలో పడదుగా!

లైసెన్సు నాది కాబట్టి ఎంపిక కూడా నా నెత్తినే పడింది. అడిలైడ్ దుకాణంలో బల్ల మీద మూడు పెట్టారు. మొదటిదాని సిలిండర్ వదులు. రెండోదాని గొట్టం లోపల తుప్పు గుంటలు. మూడోది బిగువుగా ఉంది, స్ప్రింగు గట్టిది. రేంజిలో పన్నెండు పేల్చాను. పన్నెండూ పేలాయి. అదే తీసుకున్నాను. నా ఎంపికలో తప్పు లేదు. ఆ మాట ఎవరితోనైనా అంటాను.

క్యాంపులో మొదటి సాయంత్రం నాయకుడు తూటాల పెట్టె తాళం అడిగాడు.

"రేపు బయల్దేరే ముందు చిన్న పూజ అన్నా. బండికి, ఆయుధానికి. గన్ పట్టుకుని హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్లలేం కదా."

ఇచ్చాను. అక్కడ చేశాను తప్పు. మా పల్టన్‌లోనూ ఆయుధ పూజ ఉండేది. తుపాకీ ఖాళీ చేసి పెట్టేవాళ్లం. తూటా పూజలోకి వచ్చేదే కాదు. ఈయన మిగిలిన పద్దెనిమిది తూటాలనూ నువ్వుల నూనె పళ్లెంలో ముంచి తెల్లవార్లూ ఉంచాడు. పొద్దున ఒక్కోదాని వెనక, సరిగ్గా పిన్ను కొట్టే చోట, కుంకుమ బొట్టు పెట్టాడు.

చొక్కా చేతితో తుడిచాను. ఎరుపు పూర్తిగా పోలేదు. నూనె లోపలికి దిగితే మందు చెడుతుందని ట్రైనింగు మొదటి వారమే నేర్పారు నాకు.

"ఒకటి పేల్చి చూస్తాను" అన్నాను.

"ఒంటెలు బెదురుతాయి అన్నా, షూట్ అంతా స్పాయిల్ అవుతుంది. వద్దు."

ఆర్డరు అనుకున్నాను. ఆయన భుజం మీద నక్షత్రం లేదు, చేతి మీద పట్టీ లేదు, అయినా ఆర్డరు అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఐదో రోజు, మధ్యాహ్నం రెండూ పది. చేతి రేడియోలో ఒంటెలావిడ గొంతు. అరవై దాటిన మనిషి, ఆ ఏడూ ఆమె పెంచినవే.

"బుల్ కమింగ్, మేట్. నార్త్ సైడ్. ఆర్ యూ లోడెడ్?"

"లోడెడ్" అన్నాను.

ఆ ఒక్క మాట నమ్మి ఆమె చేతికర్రతో తన ఒంటెల ముందు నిలబడింది. మగ ఒంటె నోటి నిండా నురగతో వస్తోంది. పదిహేను అడుగుల దూరం నుంచి గురిపెట్టాను. టిక్. మళ్లీ టిక్. ఆరుసార్లు నొక్కాను. ఆరుసార్లూ టిక్. అది ఆమె భుజం కరిచి, కింద పడేసి, మోకాళ్లతో అదిమింది. కెమెరా కుర్రవాడు హారన్ నొక్కుతూ బండిని మీదికి పోనిచ్చాక గానీ వదల్లేదు.

విమానంలో డాక్టరు రావడానికి రెండు గంటల యాభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆమె తల నా ఒళ్లో ఉంది.

"దేవుడి దయ అన్నా, ప్రాణం పోలేదు. పూజ ఊరికే పోలేదు" అన్నాడు నాయకుడు. నా ఒళ్లో ఆమె తల లేకపోతే ఆ పూట వాణ్ణి కొట్టేవాణ్ణి.

ఆసుపత్రికి వెళ్లి ఆమెకి జరిగిందంతా చెప్పాను, నూనెతో సహా. ఎడమ చెయ్యి ఇక లేవదన్నారు. ఒంటెల్ని అమ్మేస్తోంది.

"యూ న్యూ, అండ్ యూ సెడ్ లోడెడ్" అంది, తెలిసీ అలా అన్నావని. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఇంటికొచ్చిన నెలకి మా ఆవిడ కొత్త కారు కొంది. హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్లాం. పూజారి గారు బానెట్ మీద బొట్టు పెడుతుంటే పార్కింగు చివరికి నడిచి వెళ్లిపోయాను. ఏమైందని ఆవిడ వెనకాలే వచ్చింది. ఏం చెప్పను? ఎడారిలో ఆ రోజు, డాక్టరు విమానం వెళ్లాక, సిలిండర్ తెరిచి అరచేతిలో వంపుకున్నాను. ఆరు ఇత్తడి తూటాలు. ఒక్కోదాని వెనక చెరగని కుంకుమ, ఆ కుంకుమ నడుమ పిన్ను కొట్టిన గుంట.